వినికిడి వయసు

మా బాబుకు మూడేళ్లు నిండాయి. వాడి కుడి చెవికి మాత్రం మొన్న ఆదివారంతో ఏడాది.

కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టిన పిల్లల ఇళ్లలో రెండు వయసులు లెక్కపెడతారు. ఒకటి పుట్టిన రోజు నుంచి, రెండోది చెవి వెనక మిషన్ మొదటిసారి ఆన్ చేసిన రోజు నుంచి. ఈ రెండోదాన్ని వినికిడి వయసు అంటారు. ఏ బిడ్డయినా ఏడాదిపాటు మన మాటలు వినీ వినీ, అప్పుడు కదా ఒక మాట అంటాడు! మా వాడికీ ఆ ఏడాది ఇవ్వాలి. అందుకే వాడి మొదటి ఏడాది ఏదని ఎవరైనా అడిగితే, నా మటుకు నాకు ఇప్పుడు గడిచిన ఈ ఏడాదే.

మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. మా ఆయన పసుపు యార్డులో పనిచేస్తారు. నేను మేనత్త కొడుకునే చేసుకున్నాను. దగ్గరి సంబంధాల్లో పుట్టుచెవుడు వచ్చే అవకాశం ఎక్కువని తర్వాత డాక్టర్లు చెప్పారు. వాడికి వినపడటం లేదన్న అనుమానం మొదట వచ్చింది మాకు కాదు, అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరుగారికి. బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి అంగన్‌వాడీలకూ బడులకూ డాక్టర్లు వచ్చి పిల్లల్ని చూస్తున్నారు. ఆవిడ వాడి వెనక కూర్చుని గిలక్కాయ ఆడించారు. పిల్లలందరూ తిరిగి చూశారు. మా వాడు బొమ్మ లారీని నేల మీద దొర్లించుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత బెరా పరీక్ష చేశారు. పిల్లాణ్ని నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చెవిలో టిక్ టిక్‌మని శబ్దం పంపుతారు. ఆ శబ్దం మెదడు దాకా చేరితే తెర మీద అలలు వస్తాయి. మా వాడి తెర మీద గీత తిన్నగా సాగిపోయింది. కొన్నాళ్లు మామూలు వినికిడి మిషన్లు పెట్టి చూశారు, ఫలితం లేదు. చివరికి ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. ఆ పథకం లేకపోతే లక్షలు పోసే స్తోమత మాకెక్కడిది?

మన లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు సుమారు 15 వేలు ఉంటాయట. వాడి చెవిలో అవి పనిచెయ్యవు. వాటి బదులు సన్నటి తీగ మీద వరసగా మహా అయితే 22 ఎలక్ట్రోడ్లు. వాటితోనే కాకి అరుపూ, కుక్కర్ విజిలూ, నా గొంతూ పోల్చుకోవాలి. ఆపరేషన్ గాయం మానాక మిషన్ ఆన్ చేస్తారు. వీడియోల్లో చూపించినట్టు ఆ క్షణాన వాడు నవ్వలేదు. బెదిరిపోయి, నా మెడ పట్టుకుని ఏడ్చాడు. కాసేపటికి ఏడుపు ఆపి కాళ్ల వంక చూసుకున్నాడు. నడక వచ్చినప్పటి నుంచీ మా అత్త కట్టిన మువ్వల పట్టీలు వాడి కాళ్లకే ఉన్నాయి. అవి మోగుతాయని వాడికి ఆ రోజే తెలిసింది.

ఇంక అక్కణ్నుంచి రోజూ పొద్దున్నే ఆరు శబ్దాలు. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. డేనియల్ లింగ్ అనే ఆయన ఏర్పరచిన పరీక్ష ఇది. మనుషులు మాట్లాడే మాటల్లో బొంగురు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా అన్నీ ఈ ఆరింటి మధ్యలోనే వస్తాయట. నేను వాడి వెనక కూర్చుని ఒక్కోటీ పలకాలి. వినపడగానే వాడు చేతిలో ఉన్నదాన్ని గిన్నెలో వెయ్యాలి. థెరపీ సెంటర్లో రంగురంగుల రింగులు ఉంటాయి. మా ఇంట్లో పసుపు కొమ్ములు. స్టీలు గిన్నెలో కొమ్ము పడి ఠంగుమంటే నా ప్రాణం లేచి వచ్చేది. 'ఆ'కి తొందరగానే వేశాడు. 'మ్'కి, 'ఊ'కి కూడా. 'స్' మాత్రం నెలల తరబడి గిన్నెలో పడలేదు. అన్నిటికంటే సన్నని శబ్దం అదే. మిషన్ సరిచేసే మ్యాపింగ్‌కి వెళ్లినప్పుడల్లా ఆడియాలజిస్టు కంప్యూటర్‌లో స్థాయిలు కాస్త కాస్త మార్చి పంపేవారు. ఒక వానాకాలం పొద్దున, కొమ్ము పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. నేను మళ్లీ 'స్' అన్నాను. ఠంగుమంది. మా అత్త పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి వాణ్ని ఎత్తుకుని వీధంతా తిప్పుకొచ్చింది.

మా అత్త గురించి చెప్పాలి. వాడికి వినపడదని తేలిన రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. వెనకాల టీవీ మోగుతుంటే పిల్లాడికి మాటలు విడివిడిగా అందవని థెరపిస్టు చెప్పారు. ఆ రోజు నుంచి, ఏళ్ల తరబడి చూస్తున్న సీరియళ్లు మానేసింది. రాత్రి మిషన్ తీసి, చెమ్మ ఆరడానికి డబ్బాలో పెట్టే పని కూడా ఆవిడదే. మిషన్ తీస్తే వాడికి మళ్లీ నిశ్శబ్దమే కదా, చీకట్లో బెదురుతాడని వాడి చెయ్యి తన గుండె మీద పెట్టుకుని పడుకుంటుంది.

థెరపీకి విజయవాడ. పాసింజరు రైల్లో పోయి రావడం. కృష్ణ వంతెన ఎక్కగానే రైలు చప్పుడు మారుతుంది. మునుపు వాడు కిటికీలోంచి నీళ్లు మాత్రమే చూసేవాడు. ఈ ఏడాది సగంలో ఒకసారి, వంతెన ఎక్కీ ఎక్కకముందే నా వైపు తిరిగి చెవి మీద వేలు పెట్టి చూపించాడు. 'విన్నాను' అని దానర్థం. పెట్టెలో ఉన్నవాళ్లకు నేనెందుకు ఏడుస్తున్నానో అర్థం కాలేదు.

మాట ఆలస్యంగానే వచ్చింది. మొదటి మాట 'అమ్మ' కాదు, 'పోయి'. అంటే 'అయిపోయింది'. గిన్నె ఖాళీ అయితే పోయి, రైలు వెళ్లిపోతే పోయి, కరెంటు తీస్తే పోయి. తర్వాత పా, అంటే పాలు. ఆ తర్వాత అమ్మ. ఒక్కో మాటా తేదీ వేసి నోట్ పుస్తకంలో రాయమన్నారు థెరపిస్టు. ఆవిడ నా ఎదుటే వాడి పక్కన కూర్చుని, పెదాలు కనపడకుండా, చెవి ఒక్కదానితో వినేలా మాట్లాడేవారు. ఇంట్లో ఏం చెయ్యాలో నాకు నేర్పడమే అసలు పని అనేవారు. వేళ్లకు పసుపు రాస్తూ 'పసుపు', అన్నం కలుపుతూ 'అన్నం', 'వేడి', 'ఊదు'. ఏ మాటయినా వాడి నోట పలకాలంటే, ముందు వాడి చెవిన వందలసార్లు పడాలి.

అన్నిటికంటే కష్టమైంది పేరు. మా మామయ్య పోయాక పుట్టిన మగపిల్లలిద్దరికీ ఆయన పేరే పెట్టారు. మా బావగారి అబ్బాయిదీ మా వాడిదీ ఒకటే పేరు. ఆనవాలు కోసం ఇంటిల్లిపాదీ చెరో పిలుపు పెట్టుకున్నారు, వీధివాళ్లూ అలాగే పిలుస్తారు. నేను మాత్రం అసలు పేరుతోనే పిలుస్తాను. రేపు బళ్లో హాజరు పిలిస్తే పలకాల్సింది ఆ పేరుకే కదా. వాడి చెయ్యి తీసి వాడి గుండె మీద పెట్టి ఆ పేరు చెప్పేదాన్ని. 'నీ పేరేంటి?' అంటే 'పేరేంతి' అని తిరిగి నన్నే అడిగేవాడు. అది కూడా ఒక మెట్టేనట. ముందు మన మాటే మనకు తిప్పి చెబుతారు, ఆ తర్వాతే జవాబు.

పోయినసారి వెళ్లినప్పుడు థెరపిస్టు ఒక మాట చెప్పారు. "అమ్మా, మీరు నేర్పే మాటలు ఒక ఎత్తు. పెద్దవాళ్లు తమలో తాము అనుకునేవి విని పిల్లలు ఏరుకునేవి ఒక ఎత్తు. మామూలు పిల్లలకు చాలా మాటలు అలాగే వస్తాయి. ఎవరూ నేర్పని మాట వీడంతట వీడు అన్న రోజు, దాన్ని ఎర్ర ఇంకుతో రాయండి. అర్ధరాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యండి. ఇక వీడి చెవికి మన అవసరం తగ్గినట్టే."

తెనాలి వెళ్లినప్పుడు ఎర్ర పెన్ను కొనుక్కొచ్చి పుస్తకంలో పెట్టాను. చెవులు నిక్కబొడుచుకుని ఎదురుచూశాను. వాడన్న ప్రతి మాటా వెనక్కి వెతికితే నేను రాసిన పేజీల్లోనే దొరికేది.

ఆదివారం చెవి పుట్టినరోజు చేశాం. సేమ్యా పాయసం కాచాను. బావగారి వాళ్లు, వీధివాళ్లు, అంగన్‌వాడీ టీచరుగారు వచ్చారు. వాడు వసారాలో పసుపు కొమ్ములు గిన్నెలో వేస్తూ తీస్తూ ఆడుకుంటున్నాడు. టీచరుగారు వాడికి కనపడకుండా వెనగ్గా వెళ్లి నిలబడ్డారు. మా ఆయన ఫోన్ తీశారు. మా అత్త అందరినీ గొడవ చెయ్యొద్దని సైగ చేసింది.

"నీ పేరేంటి నాన్నా?"

వాడు కొమ్ము కింద పెట్టాడు. వెనక్కి తిరిగాడు. 'పేరేంతి' అనలేదు. నేను నేర్పినట్టే చెయ్యి గుండె మీద వేసుకుని, మా అత్త వంక చూసి నవ్వాడు. నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేని మాట అన్నాడు.

"చెవితోదు."

ట, డ ఇంకా నోరు తిరగవు వాడికి.