జానెడు గొయ్యి, గజమెత్తు బిల్లు

సెంట్రల్ లైటింగ్ లేని టౌను మన దగ్గర ఇంకా ఎక్కడైనా మిగిలిందంటే, అక్కడ ఇంకా డివైడర్ కట్టలేదని అర్థం. డివైడర్ వచ్చాక స్తంభాలు రాక మానవు. స్తంభాలు లేచాక ఒక సాయంత్రం ఎమ్మెల్యే గారు వేంచేస్తారు, బటన్ నొక్కుతారు, బజారంతా తెల్లగా మెరిసిపోతుంది, డ్రోన్ పైనుంచి వీడియో తీస్తుంది. స్తంభం ఎత్తు, దీపం వాట్లు, ఖర్చయిన లక్షలు ఫ్లెక్సీ మీద ఎక్కుతాయి. కేబుల్ ఎంత లోతున పడుకుందో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. డ్రోన్‌కి మట్టి కింద కనబడదు కదా.

లోతు సంగతి కాగితం మీద భేషుగ్గా ఉంది. 1.1 కిలోవోల్టుల దాకా కేబుల్‌ని 75 సెంటీమీటర్ల లోతున వెయ్యమని ఐఎస్ 1255 అనే మన దేశపు ప్రమాణమే చెబుతోంది. అంటే మూరన్నర పైమాటే. అడుగున ఇసుక పరవాలి, దానిమీద కేబుల్, మళ్లీ ఇసుక, పైన వరసగా ఇటుకలు, ఆపైన రాళ్లు ఏరేసిన మట్టి. రోడ్డు దాటేచోట ఇంకా లోతుగా, పైపులోంచి పోవాలి. ఇసుక ఎందుకూ అంటే, రాతి మొన కేబుల్ తొడుగులోకి దిగకుండా. ఇటుకలు ఎందుకూ అంటే, రేపు నల్లా పైపు కోసం తవ్వడానికొచ్చినవాడి గడ్డపార ముందు ఇటుకకి ఠంగుమని తగిలి, ‘కిందేదో ఉందిరోయ్’ అని వాడు ఆగడానికి. మన ఊళ్లలో గడ్డపారకి అంత మర్యాద చెయ్యరు. అది తిన్నగా ఫేజుకే తగులుతుంది.

ఎందుకు తగలదూ? డివైడర్లో తవ్విందే జానెడు. అక్కడున్నది మట్టి కూడా కాదు, పాత రోడ్డు పెళ్లలూ కంకరా సీసాపెంకులూ. అందులో కేబుల్ పడేసి, పక్కకు తీసిన ఆ కంకరనే కాలితో మీదికి నెట్టేసి, పైన రెండు కాగితప్పూల మొక్కలు నాటితే మహా నిర్మాణం పూర్తయినట్టే. ఇక ఎంబీ, అదే కొలతల పుస్తకం, తెరవండి. తవ్వకం ఇన్ని ఘనపు మీటర్లు, ఇసుక ఇంత, ఇటుకలు ఇన్ని వేలు. ఆ ఇసుకా ఇటుకా ఎక్కడికి పోయాయని అడక్కండి, ఎవరింటి మీదో రెండో అంతస్తుగా లేచి సుఖంగానే ఉండి ఉంటాయి. కంటికి కనబడకుండా పోయే పనిని పూడ్చకముందే కొలవాలన్నది రూలు. మన ఇంజినీరు గారికి పూడ్చాకనే కొలిచే దివ్యదృష్టి అబ్బింది. ఆ విద్య ఏ కాలేజీలో చెబుతారో గానీ, పాసైనవాళ్లు మాత్రం జిల్లాకి పదిమందైనా ఉంటారు.

కేబుల్ విషయానికొద్దాం. ఎస్టిమేట్‌లో రాసేది ఆర్మర్డ్ కేబుల్. లోపలి తీగల చుట్టూ ఉక్కు కవచం ఉంటుంది. గడ్డపార దిగితే ముందు ఆ ఉక్కుకి తగలాలి, తప్పిన కరెంటు దాని మీదుగానే వెనక్కి పోవాలి, ఫ్యూజు ఎగరాలి. అయితే ఒక షరతు. ప్రతి స్తంభం దగ్గరా గ్లాండు అనే లోహపు పట్టు బిగించి ఆ కవచాన్ని ఎర్త్‌కి కలపాలి. మనవాడు గ్లాండు దండగని ఆ ఉక్కు తీగల్ని కోసి వెనక్కి మడిచేస్తాడు. కర్ణుడి కవచాన్ని అడిగి పుచ్చుకోవడానికి దేవేంద్రుడంతటివాడు రావలసి వచ్చింది. మన కేబుల్ కవచానికి కటింగ్ ప్లయర్ చాలు.

జాయింట్ల దగ్గర భక్తి మొదలవుతుంది. మట్టిలో అసలు జాయింటే పెట్టకూడదు. ఒక స్తంభం పెట్టెలోకి ఎక్కించి, అక్కడే కలిపి, మళ్లీ దింపి పక్క స్తంభానికి తీసుకుపోవాలి. తప్పనిసరైతే నీరు చొరని జాయింటు కిట్టు వాడాలి. మన దగ్గర కిట్టంటే నల్ల టేపు. ఆ టేపు మీద మన ఎలక్ట్రీషియన్లకున్న నమ్మకం ఏడుకొండలవాడి మీద కూడా ఉన్నట్టు కనబడదు. టేపు మీద ఒక పాలిథిన్ సంచి చుట్టారా, అది వాటర్‌ప్రూఫ్! స్తంభం తలుపు పాత ఇనుము కొట్టు చేరిన చోట అదే సంచి తలుపు డ్యూటీ కూడా చేస్తుంది.

వానాకాలం వస్తుంది. పాపం, మన వ్యవస్థలో నిజాయితీగా తనిఖీకొచ్చే అధికారి అదొక్కటే. ఇదే పద్ధతిలో వేసిన కాలనీ పార్కులో దీపాలు టప్పున ఆరిపోతాయి. కారణం ఆర్‌సీసీబీ అనే చిన్న పెట్టె. పోయిన కరెంటంతా తిరిగొస్తోందా లేదా అని అది లెక్క చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎటో దారి తప్పాయంటే సెకనులో మూడో వంతు కూడా ఆగకుండా లైను తెంపేస్తుంది. నేలలో ఎక్కడో కరెంటు కారుతోందని అది మొత్తుకుంటోందన్నమాట. కాలనీ వాట్సాప్ గ్రూపులో వెంటనే గగ్గోలు: “సెక్రటరీ గారూ, వాకింగ్ ట్రాక్ చీకటిగా ఉంది.” సెక్రటరీ గారు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తారు. అతను వచ్చి, చూసి, పది నిమిషాల్లో తేల్చేస్తాడు. “వానొస్తే ట్రిప్పవుతోంది సార్. ఆ పెట్టె తప్పించి డైరెక్టు చేసేశా. ఇంక పోదు.”

అందరూ బొటనవేళ్లు పైకెత్తుతారు. దీపాలు నిజంగానే ఇంక పోవు. మనుషుల సంగతే చెప్పలేం.

లోడు మించితే పడిపోయే ఎంసీబీ ఉందిగా అంటారు. ఉంది. దాని దృష్టి ఆంపియర్ల మీద. తడిసిన మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే, 230 వోల్టుల దగ్గర అతనిలోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె గతి తప్పడానికి అది చాలా ఎక్కువ. ఎంసీబీ పద్దులో మాత్రం అది కొత్తగా వెలిగిన ఒక 50 వాట్ల దీపం. స్తంభానికి ఎర్తింగ్ ఉందిగా అంటారు. ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్లు పొయ్యడం మరిచిపోయిన ఎర్త్ గుంత 23 ఓములు చూపించిందనుకోండి, అందులోంచి పారేది 10 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది కునుకు తీసే బరువు. స్తంభం అలాగే ప్రాణం పోసుకుని నిలబడి ఉంటుంది.

తోట దీపాలకి 230 వోల్టులు ఎందుకని ఎవరూ అడగరు. మంచి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 12 వోల్టులో 24 వోల్టులో పంపితే గడ్డి మీది ఎల్ఈడీలు హాయిగా వెలుగుతాయి. దూరం పెరిగితే వైరు కాస్త లావు వెయ్యాలి, లేకుంటే చివరి దీపం నీరసపడుతుంది, అంతే. కానీ అందులో తవ్వకం తక్కువ, బిల్లు తక్కువ. అందరికీ తక్కువైన పనిని ఎవరు తలకెత్తుకుంటారు?

ముందు ఒక కుక్క చస్తుంది. ఎవరో విషం పెట్టారనుకుంటాం. తర్వాత ఆవు. దాని యజమానికి ఎంతో కొంత ముట్టజెబుతారు. 2023 జూన్‌లో న్యూఢిల్లీ రైల్వేస్టేషన్ బయట వాన నీళ్లు నిలిస్తే, దాటబోతున్న ఒక టీచరు ఆసరాకని కరెంటు స్తంభం పట్టుకుని ప్రాణం పోగొట్టుకుంది. దేశ రాజధానిలో, పెద్ద స్టేషన్ గుమ్మంలో. మన టౌన్లలో ఇలాంటివి జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు. ‘విచారణకు ఆదేశించారు’ అన్నది నాలుగోది.

అందుకని టెండర్ షరతుల్లో ఒక్కటి కలపమని మనవి. ఖజానాకి పైసా ఖర్చులేదు. ప్రారంభోత్సవం వాన కురుస్తున్న రోజునే పెట్టాలి. కాంట్రాక్టరు, ఎంబీ రాసిన ఇంజినీరు, చెక్ చేసిన పై ఇంజినీరు, ముగ్గురూ చెప్పులు విడిచి, నీళ్లలో నిలబడి, తలా ఒక స్తంభాన్ని రెండు చేతులా కావిలించుకోవాలి. అప్పుడు ఎమ్మెల్యే గారు బటన్ నొక్కుతారు. ఈ షరతు అచ్చయిన వారంలోనే ఇసుక లారీలు వరస కడతాయి, గ్లాండ్లు సరిపోక హైదరాబాద్‌కి మనిషిని పంపుతారు, ఇంజినీరు గారు అర్ధరాత్రి టార్చి లైటుతో గోతిలోకి దిగి టేపు పెట్టి కొలుస్తారు. కాంట్రాక్టరు సొంత డబ్బుతో ఇంకో ఆర్‌సీసీబీ కొని తెస్తాడు, ఉన్నది పని చెయ్యదేమోనని.