బడిలో రాత పెరిగింది

సర్కారు బడుల్లో చదవడం, రాయడం మూలపడ్డాయని గగ్గోలు పెట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. వీళ్లెవరూ ఈమధ్య బడి గడప తొక్కినట్టు లేదు. ఇప్పుడు అక్కడ జరిగే రాత మన తాతల కాలంలో వీధిబడి పంతులు కలలో కూడా చూసి ఉండడు. ప్రార్థన కాగానే హాజరు పట్టీ, వెంటనే అదే హాజరు ఫోన్‌లో. పాఠ్యప్రణాళిక, దాన్ని అమలు చేసినట్టు నివేదిక, బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ మార్కులు. చదవడానికీ లోటు లేదు. వాట్సాప్ గ్రూపులో ‘అత్యవసరం’ అంటూ ఉత్తర్వు మీద ఉత్తర్వు. బడిలో రాయకుండా మిగిలిపోయింది ఒక్క పిల్లలే.

పథకాలకీ కొదవ లేదు. ఎనభైల్లో ఏపెప్, తొంభైల్లో డీపెప్, ఆ తర్వాత క్లిప్, క్లాప్స్, లెప్. ఒకటో తరగతి పిల్లాడికి పొల్లు నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు, అన్నీ దాంతోనే ముగుస్తాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ‘త్రీఆర్’ పథకం చేసి, 2022లో ‘తొలిమెట్టు’ ఎక్కింది. అంతకు ముందు ఏడాదే ఢిల్లీ నుంచి నిపుణ్ భారత్ దిగింది. 2026–27కల్లా మూడో తరగతి దాటే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలట. నిమిషానికి 60 పదాలు.

ఎవరి పదాలు అని అడక్కండి. ‘ఐ యామ్ గోయింగ్’ చదివినవాడి ఖాతాలో మూడు పడతాయి. మనవాడు ‘వెళ్లలేకపోతున్నానట’ అని ఆయాసపడి ముగిస్తే ఒక్కటే. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషలకు విడివిడిగా కొలతలు కట్టింది, అది న్యాయమే. కానీ అరవై అనే అంకె ఒకసారి గోడకెక్కాక సున్నం వేసినా పోదు.

ఇక నేర్పేవాళ్ల సంగతి. విద్యాహక్కు చట్టం లెక్కన ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు. భాగహారం రానివాళ్లకి కూడా ఇందులో శేషం కనబడుతుంది. ఆ ఇద్దరిలో ఒకాయన స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకి వెళ్తాడు, పిల్లలకి గుణింతాలు ఆటపాటలతో ఎలా చెప్పాలో వినడానికి. మిగిలిన టీచరమ్మ ఐదు తరగతుల్నీ వరండాలో కూచోబెట్టి, బోర్డు నిండా రాసి, “చూసి రాయండర్రా” అంటుంది. ఇంకేం చేస్తుంది పాపం! పిల్లలు రాస్తారు. గుండ్రంగా, ముత్యాల్లా, తలకట్టు కూడా వదలకుండా దింపేస్తారు. అందులో ఒక మాట మీద వేలు పెట్టి “ఇదేంట్రా” అంటే మాత్రం వేలు వంక చూస్తారు. అక్షరం బొమ్మ గీయడం వచ్చింది, దానికో చప్పుడుందన్న సంగతి చెప్పే తీరిక ఎవరికీ దొరకలేదు. పాఠం చదవమంటే గడగడా అప్పజెప్పేవాడు అదే పాఠంలోంచి నాలుగు మాటలు విడిగా రాసి చూపిస్తే గుటకలు మింగడం టీచర్లందరికీ తెలిసిన రహస్యమే. తెలిసినా, ఆ నాలుగు మాటల దగ్గర వాడితో కూచుంటే రెండో తరగతివాళ్లు కొట్టుకు చస్తారు.

కథల పుస్తకాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, రంగు బొమ్మలతో. స్టాకు రిజిస్టరులో నంబర్లతో సహా ఎక్కాయి. చిరిగితే జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరు. అందుకని ఆయన వాటిని పిల్లల బారి నుంచి కాపాడి బీరువాలో పెట్టి తాళం వేశాడు. తనిఖీ రోజున తాడుకి వేలాడదీస్తారు. ఫొటో పడగానే మళ్లీ లోపలికి.

దారి లేక కాదు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడి వాళ్లు ఏకోపాధ్యాయ బడుల కోసమే ఓ పద్ధతి కట్టారు. బొమ్మల కార్డులు, గోడమీద మెట్లు. ఎవడి కార్డు వాడు తీసుకుంటాడు, వచ్చినవాడు పై మెట్టుకి పోతాడు, రానివాడి పక్కన టీచరు కూచుంటాడు. కన్నడదేశం వాళ్లు దాన్ని చూసి నలికలి చేసుకున్నారు, తమిళులు వాళ్ల బడుల్లో పెట్టుకున్నారు. ఇంట్లో పుట్టిన పిల్ల పొరుగింట కోడలై వెలిగినా మనకి ఆనదు. పైగా అందులో పెద్ద లోపం ఒకటుంది: పిల్లాడు నిశ్శబ్దంగా చదువుకుంటూ పోతుంటే పైకి పంపడానికి ఫొటోలో ఏముంటుంది?

కాబట్టి కొత్త పథకానికి నాదో మనవి. పేరు మీరే పెట్టుకోండి. ఈ యాప్‌లూ ప్రొఫార్మాలూ నింపే పని మూడో తరగతి వాళ్లకి ఇచ్చేయండి. భోజనానికి ఎందరు, గుడ్లెన్ని వచ్చాయి, ఎన్ని మిగిలాయి: అది లెక్కలు. పప్పు ఎలా ఉంది: అది సొంత రచన. పైనుంచి వచ్చిన ఉత్తర్వు చదివి భావం చెప్పడం కొంచెం కష్టమే, అది ఎంఈవోలకే ఇంకా పట్టుబడలేదు. ఈలోగా టీచరమ్మకి చేతులు ఖాళీ అవుతాయి గనక ఒకటో తరగతి పక్కన కూచుంటుంది. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా అన్న ఒక్క గడిని మాత్రం పిల్లలకి ఇవ్వకండి, నిజం రాసేస్తారు.