మైనరు కాలువకు నీళ్లెప్పుడొచ్చినయి?

మొన్న ఆషాఢంలో బోనాల సెలవులకు ఇంటికెళ్లిన మా మేనల్లుడు అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. వాడు హైదరాబాద్ పొలిమేరలో ఓ ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదువుతున్నాడు. "మామయ్యా, మైనర్ ఏం తీసుకోమంటావు? సోమవారం నాలుగింటికల్లా ఫారం ఇవ్వాలంట" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా బావ గొంతు వినిపించింది. "మైనరా? మైనరుకు నీళ్లెప్పుడొచ్చినయిరా?"

బావది సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు. బడి మొహం చూడని వాళ్లకు కూడా అక్కడ మేజర్, మైనర్ అంటే ఏమిటో తెలుసు. పెద్ద కాలువ నుంచి మేజర్, మేజర్ నుంచి మైనర్, మైనర్ నుంచి పంట బోదె. ఇంజినీర్ల ఆఫీసులో గోడ మీద మ్యాపు చూస్తే కొమ్మలూ రెమ్మలూ వేసిన చెట్టులా ముచ్చటగా ఉంటుంది. నీళ్లు మాత్రం ఎగువ తూముల దగ్గరే దిగిపోతాయి. మైనరు చివర తుమ్మచెట్లు మొలుస్తాయి. వంతుల వారీగా నీళ్లు వదలడాన్ని వారబందీ అంటారు, ఆ వారం ఎప్పుడూ పైవాడిదే.

బావ కాలువ సంగతి మాట్లాడుతున్నాడు, వీడు చదువు సంగతి అడుగుతున్నాడు. ఓ పది నిమిషాలు ఇద్దరి మాటలూ విన్నాక రెండూ ఒకటేనని నాకు అనుమానం తగిలింది.

కాలేజీ మైనరు లెక్క ఇది. బీటెక్‌కు 160 క్రెడిట్లు. వాటి మీద ఇంకో 18 నుంచి 20 చదివితే పట్టా మీద అదనంగా ఓ ముక్క పడుతుంది. సొంత బ్రాంచిలోనే చదివితే దాన్ని హానర్స్ అంటారు, పక్క బ్రాంచిలో చదివితే మైనర్. ఉద్దేశం చాలా గొప్పది. మెకానికల్ వాడికి కాస్త కరెంటు తెలియాలి, కరెంటు వాడికి కాస్త కట్టడం తెలియాలి, కంప్యూటర్ వాడికి కంప్యూటర్ కాకుండా ఇంకేదైనా తెలియాలి. గోడ మీది మ్యాపు అన్నమాట.

ఇప్పుడు బోదె వెంట నడుచుకుంటూ వెళ్లి చూద్దాం. మెకానికల్ వాడి మైనర్ కంప్యూటర్స్. సివిల్ వాడిది కంప్యూటర్స్. ట్రిపుల్ ఈ వాడిదీ అదే. పోనీ, కంప్యూటర్స్ వాడిది? ఏఐ. ఏఐ వాడిది? డేటా సైన్స్. డేటా సైన్స్ వాడిది? సైబర్ సెక్యూరిటీ. వంతెన ఎందుకు నిలబడుతుందో తెలుసుకుందామని సివిల్‌లో మైనర్ తీసుకున్న సీఎస్‌ఈ పిల్లవాడు నాకు ఇంతవరకు తారసపడలేదు. మీకు కనిపిస్తే ఓ కబురు పెట్టండి, శాలువా నేను కొంటాను. శాఖల మధ్య గోడలు కూలాయంటే రెండు వైపుల నుంచీ మనుషులు తిరుగుతారనుకున్నాం. తీరా చూస్తే అది వన్ వే రోడ్డు. నీరు పల్లమెరుగు, ప్యాకేజీ పిల్లవాడెరుగు.

పిల్లల్ని అనడానికి నాకు నోరు రాదు. మైనర్ అంటే అసలు ఏమిటో వాళ్లకు తెలుసు. ఎంసెట్‌లో, దాన్నిప్పుడు ఎప్‌సెట్ అనాలి, నాలుగు వేల ర్యాంకు తేడాతో చేజారిన సీటు కోసం మూడేళ్లపాటు తీర్చుకునే మొక్కు అది. దొరకని సీటులో దొరికినంత ముక్క. ఆ మాట అలాగే అంటే తప్పేం లేదు. కానీ కాలేజీ బ్రోచర్లో దాన్ని 'విశాల దృక్పథం' అని రాస్తారు.

ఇక బ్రాంచీల సంగతి. మా రోజుల్లో సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అని మూడు పేర్లు చెబితే లెక్క అయిపోయేది. ఇప్పుడు కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల జాబితా టిఫిన్ సెంటర్ బోర్డులా ఉంది. సీఎస్‌ఈ, సీఎస్‌ఈ (ఏఐ అండ్ ఎంఎల్), సీఎస్‌ఈ (డేటా సైన్స్), సీఎస్‌ఈ (సైబర్ సెక్యూరిటీ), సీఎస్‌ఈ (ఐఓటీ), బిజినెస్ కలిపితే సీఎస్‌బీఎస్. ప్లెయిన్ దోసె, ఉల్లి దోసె, కారం దోసె, నెయ్యి దోసె. లోపల పిండి ఒకటే, పెనం ఒకటే, తిప్పే మాస్టరూ ఒకడే. ఒక బ్రాంచికి ఇన్ని సీట్లే అనే హద్దును 2024-25లో ఏఐసీటీఈ ఎత్తేశాక పిండి ఇంకాస్త పలచనైంది. అసలు నిజమైన డ్యూయల్ డిగ్రీ ఏదైనా ఉందంటే, అది ఎమ్మెల్యే పెసరట్టు. లోపలి ఉప్మా ఉప్మాలాగే ఉంటుంది, పైది పెసరట్టులాగే ఉంటుంది, తిన్నవాడికి రెండూ తెలుస్తాయి.

మైనర్ క్రెడిట్లు ఎలా పండుతాయో కూడా చూడండి. చాలా చోట్ల దానికి విడిగా క్లాసులుండవు. ఆన్‌లైన్‌లో ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చెయ్యమంటారు. 12 వారాల కోర్సు, అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. ఆ పాఠాలు చెప్పే ఐఐటీ ప్రొఫెసర్లను నేను ఒక్క మాట అనను, చాలా బాగా చెబుతారు. ఎవరైనా వింటే. బుధవారం రాత్రి 11:59కి అసైన్‌మెంట్ గడువు. 11:20కి గ్రూపులో ఓ మెసేజ్ పడుతుంది: 1-సి, 2-ఎ, 3-ఎ, 4-డి. 11:40కి క్లాసంతా పక్క శాఖలో పాండిత్యం సంపాదించేస్తుంది. ఓసారి 4-డి తప్పని తేలింది. 64 మందికీ తప్పింది. విశాల దృక్పథం అంత ఏకగ్రీవంగా తప్పడం నేనెక్కడా చూడలేదు.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఇంకా దూరం వెళ్లింది. బాణభట్టుడి కాదంబరిని తలుచుకుంది, 64 కళలను తలుచుకుంది. పాటా బొమ్మా మాత్రమే కాదు, రసాయన శాస్త్రం, గణితం, వడ్రంగం, వైద్యం కూడా ఆ కళల్లోవే అంది. 2040 కల్లా ఉన్నత విద్యా సంస్థలన్నీ బహుళ శాస్త్రాల సంస్థలు కావాలంది. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. మన ఇంజినీరింగ్ కాలేజీ దాన్ని విని ఏం చేసింది? వెనక షెడ్డులో బీబీఏ పెట్టింది. 64 కళల్లో రెండు పూర్తి, 62 బాకీ.

నేను చదివింది బి.ఎ., హెచ్.ఇ.పి. గ్రూపు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడూ సమానం. పైన తెలుగు, ఇంగ్లీషు. పక్క గదిలో ఎం.పి.సి. వాళ్లు, ఆ పక్కన బి.జెడ్.సి. వాళ్లు, అందరికీ మూడేసి. ఇప్పటి భాషలో నాది ట్రిపుల్ మేజర్. అప్పటి భాషలో 'ఏ సీటూ రాక బి.ఎ.లో పడ్డాడు'. తరాల తరబడి మన డిగ్రీ కాలేజీల్లో నడిచిన ఆ పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మార్చి సింగిల్ మేజర్ అన్నారు. ఒక మేజర్, ఒక మైనర్. అదీ ఎవరి పేరు చెప్పి? బహుళ శాస్త్రాల చదువు పేరు చెప్పే. ఇందాకటి టిఫిన్ సెంటర్లో మూడు ఇడ్లీల ప్లేటును ఒకటిన్నర చేసి 'జంబో ప్లేటు' అని బోర్డు రాస్తే గిరాకీలు ఊరుకుంటారా? చదువు కాబట్టి ఊరుకున్నాం. ఒక్కటే ఎంచుకోవాలి అనేసరికి పిల్లలు ఏం ఎంచుకుంటారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఫిజిక్స్ లెక్చరర్లు గుమ్మంలో నిలబడి బాబ్బాబు అనాల్సిన రోజులొచ్చాయి.

రెండు డిగ్రీల వాళ్లలో నాకు బాగా నచ్చినవాళ్లు మాత్రం బిట్స్ పిలానీలో ఉన్నారు. మన శామీర్‌పేట దగ్గరి హైదరాబాద్ క్యాంపస్‌లో కూడా. అక్కడ బీఈ సీటుకు స్కోరు చాలనివాడు ఎమ్మెస్సీలో చేరతాడు. తొలి ఏడు అయ్యాక, వచ్చిన సీజీపీఏను బట్టి దానికి తోడు ఓ ఇంజినీరింగ్ బ్రాంచి దొరుకుతుంది. 5 ఏళ్లకు రెండు పట్టాలు. పథకం వేసినవాళ్లకు దండం పెట్టొచ్చు, శాస్త్రమూ యంత్రమూ ఒకే బుర్రలో కలవడం కంటే కావల్సిందేముంది? కానీ మన ఇళ్లల్లో ఆ ఫారం నింపే రాత్రి ఓసారి కూర్చుని చూడండి. "బయాలజీకి కటాఫ్ తక్కువంట, పెట్టెయ్." "నాన్నా, నేను ఎం.పి.సి. కదా?" "నువ్వు చదవాల్సింది బయాలజీ కాదురా, మార్కులు." పదో తరగతిలో కప్ప బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, ఇక ఈ జన్మకు చాలనుకున్న పిల్లవాడు మళ్లీ జీవశాస్త్రం గడప తొక్కుతాడు, అదీ ఎమ్మెస్సీకి. సంబంధం మాట్లాడుకుంది ఒకరితో, కళ్లన్నీ పక్కింటి కిటికీ మీద. ఏడాది తిరిగేసరికి కంప్యూటర్స్ రావచ్చు, రాకపోవచ్చు. బయాలజీ మాత్రం ఎక్కడికీ పోదు, 5 ఏళ్లూ గుమ్మంలోనే కూర్చుంటుంది. అందులో ఎవడో ఒకడికి మూడో ఏట ఆ సబ్జెక్టు నిజంగానే నచ్చేస్తుంది. వాడి ఇంట్లో అప్పుడు పడే గొడవ ఇంకో వ్యాసానికి సరిపోతుంది.

సముద్రాలు దాటినా మనవాళ్లు మనవాళ్లే. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయం అర్బానా షాంపేన్‌లో సీఎస్ ప్లస్ ఎక్స్ అని ఓ ఏర్పాటుంది. కంప్యూటర్స్‌కు జతగా భాషాశాస్త్రం, మానవశాస్త్రం, తత్వశాస్త్రం, సంగీతం, ఆఖరికి పంటల శాస్త్రం కూడా. షికాగో వైపుండే మా చుట్టాల్లో ఒకావిడ, కూతురికి అక్కడ సీటొచ్చిందని చెప్పింది. "ఎందులో చెల్లెమ్మా?" అన్నాను. "సీఎస్ ప్లస్." "ప్లస్ ఏమిటి?" "ప్లస్ ఏదో ఉందిలే అన్నయ్యా." ఆ ఏదో పేరు పాపం తత్వశాస్త్రం.

2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు రెగ్యులర్‌గా చదవొచ్చని ప్రకటించింది, క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకుండా ఉంటే చాలంది. ఒక డిగ్రీకే 75 శాతం హాజరు పడక కండోనేషన్ ఫీజు కట్టే మా వాడు, ఇకమీదట 150 శాతం తెచ్చుకోవాలి.

ఇవన్నీ విని, వీడు పాతకాలపు మనిషి, ఒక్క కొమ్మే పట్టుకు వేలాడమంటాడు అనుకోకండి. శ్రీపాద పినాకపాణి గారు కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసర్. రోగుల్ని చూశారు, పాఠం చెప్పారు. నేదునూరి కృష్ణమూర్తి లాంటి శిష్యుల్ని తయారుచేసి, సంగీత కళానిధి అయ్యారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు బొంబాయిలో అణుశాస్త్రవేత్త, ఇంటికొస్తే సితార్, కలం పట్టుకుంటే తెలుగులో సైన్సు. వాళ్లకు మైనర్ సర్టిఫికెట్ ఎవరిచ్చారు? ఏ ఫారం మీద టిక్కు పెట్టారు? అంతటివాళ్లు అందరూ కాలేరు, ఒప్పుకుంటాను. మామూలు పిల్లలకు దారి వేసే కోర్సులూ ఉన్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్స్‌తో పాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ 5 ఏళ్ల కోర్సు ఉంది. 'తినకపోయుంటాడేమోనని' అనే ఒక్క మాట తీసుకోండి. మనకది ఒక గుక్క. మెషీన్‌కు అది చిక్కుముడి. అందులో తినడం ఎక్కడుంది, తినకపోవడం ఎక్కడుంది, అనుమానం ఎక్కడుంది, అది ఎవరి అనుమానం? వ్యాకరణం మాత్రమే తెలిసినవాడు ప్రోగ్రాం రాయలేడు, ప్రోగ్రామే తెలిసినవాడు ఆ మాటను ఎక్కడ విరవాలో తెలియక నమిలేస్తాడు. ఆ ముడి విప్పాలంటే రెండూ కావాలి. ముందు ముడి పుట్టింది, తర్వాత కోర్సు పుట్టింది. మన మైనర్లలో ముందు ఫారం పుడుతుంది.

ఆ ఫారం సంగతికే వస్తున్నాను. ఇంత విన్నాక మావాడు కాసేపు ఆగి, "జాబితాలో సివిల్ వాళ్ల మైనర్ కూడా ఉంది మామయ్యా, నీటి పారుదల మీద. నాకు అదే చదవాలనుంది" అన్నాడు. మా ఇంటావంటా ఎవరికీ రాని ఆలోచన. వాళ్ల నాన్న మోటార్ల పక్కన పెరిగినవాడు కదా, పంపుసెట్టు విప్పి బిగించడం వాడికి పదకొండో ఏటే వచ్చు. నీళ్లు మైనరు చివరికి ఎందుకు చేరవో లెక్కగట్టి చూడాలని ఉందట. నాకు నిజంగానే గొంతు పట్టేసింది. మొదటి ప్రాధాన్యం అదే పెట్టమన్నాను.

సోమవారం రాత్రి ఇంటికి తిరిగొచ్చి మళ్లీ ఫోన్ చేశాడు. డిపార్ట్‌మెంట్లో అడిగితే ఆ మైనర్‌కు కనీసం 30 మంది ఉండాలన్నారట. ఎంతమంది అడిగారు అంటే వీడొక్కడేనట. పోనీ రెండో ప్రాధాన్యం మార్చుకుందామని ఫారం అడిగితే, క్లాసు తరఫున సీఆర్ శుక్రవారమే అందరివీ కలిపి ఇచ్చేశాడట. ఏఐ అండ్ ఎంఎల్, 64 మందికీ. మరి సోమవారం నాలుగింటి గడువు ఎవరికి అంటే, "అది సంతకానికి సార్" అన్నాడట ఆఫీసులో.

ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. వెనక టీవీలో సాగర్ నీటిమట్టం చదువుతున్నారు. బావ ఫోన్ అందుకుని, "ఇంతకీ మొత్తం ఎన్ని క్రెడిట్లంట?" అని అడిగాడు.

"పద్దెనిమిది, బావా."

"పైన పద్దెనిమిది వదిలితే, వీడి దగ్గరకొచ్చేసరికి ఎన్ని మిగుల్తయి?"