నెగెటివ్ ఏరియా నుంచి నమస్కారం

'నెగెటివ్ ఏరియాల' జాబితా తయారుచేసిన అధికారి గారికి,

కృష్ణలంక, విజయవాడ-520013 నుంచి ఒక జెరాక్సు కొట్టువాడు నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా:

మీ పేరు నాకు తెలీదు. పోయిన నెల మీ దగ్గర పనిచేసే కుర్రాడొకడు మా కొట్టుకొచ్చి, మడతలు నలిగిన కాగితం చేతికిచ్చి, "బాబాయ్, రెండు కాపీలు, ముందూ వెనకా" అన్నాడు. అద్దం మీద పరుస్తూ చూశాను. మీ ఫైనాన్సు కంపెనీ అప్పు ఇవ్వకూడని పేటల పేర్లవి. ఆరో వరసలో మా కృష్ణలంక. పక్కనే చిన్నక్షరాల్లో 'రౌడీలు, వసూలు కష్టం' అని ఉంది. నా పేటకు అప్పు పుట్టకూడదని రాసిన కాగితాన్ని నా మిషను మీద, నా కరెంటు కాల్చి, నేనే రెండు కాపీలు తీశాను. ఎనిమిది రూపాయలు తీసుకున్నాను. రెండో కాపీ మసగ్గా వచ్చింది, ఏమనుకోకండి. మిషను పాతది. కొత్తది కొనుక్కుంటానని అడిగితేనే కదండీ, 'ఏరియా పాలసీ' అని నా కాగితాలు మీరు తిప్పి పంపింది.

వెనకవైపు తిప్పితే అక్కడ ఇంకో జాబితా. పోలీసులు, వకీళ్లు, విలేకరులు. వీళ్లకీ అప్పు ఇవ్వకూడదట. రౌడీలున్నారని మాకు, ఆ రౌడీల్ని పట్టుకుంటారని పోలీసులకు, బెయిలు ఇప్పిస్తారని వకీళ్లకు, ఆ సంగతంతా పేపర్లో రాస్తారని విలేకరులకు, అందరికీ ఒకటే శిక్ష వేశారు. ఇంత నిష్పక్షపాతం ఈ రోజుల్లో ఎక్కడుందండీ!

అయినా, మా పేట మీద మీ దగ్గరున్న సాక్ష్యమేమిటో నాకు కొంత తెలుసు. అందులో ముఖ్యమైనది మా ఎదురింటి అక్క చెప్పింది. ఆవిడ కుట్టుమిషను కోసం దరఖాస్తు పెట్టుకుంటే ఇదే కుర్రాడు విచారణకు వచ్చాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగాడు. "ముఠాలో ఉంటాడు బాబూ" అంది. కుర్రాడి కలం ఆగింది. "ఎంతమందండీ ముఠాలో?" "పన్నెండు మంది. మేస్త్రి ఎలా చెబితే అలా. లారీ వచ్చిందని కబురొస్తే అర్ధరాత్రయినా లేచి వెళ్లిపోతారు. వచ్చిన డబ్బు సాయంత్రం అందరూ కూర్చుని సమానంగా పంచుకుంటారు. మా ఆయన ఒక్క పైసా దాచుకునే రకం కాదు." నిజాయితీకి రుజువుగా ఆవిడ ఆ చివరి మాట కలిపింది. కుర్రాడు తలెత్తకుండా రాసుకుని, ఇచ్చిన టీ సగం వదిలేసి వెళ్లాడు.

బెజవాడలో ముఠా అంటే బస్తాలు మోసేవాళ్ల జట్టు అండీ. లారీల్లోంచి బియ్యం, పంచదార, సిమెంటు దించేవాళ్లు. వాళ్లకో యూనియను, ఓ మేస్త్రి, బస్తాకింత అని రేటు. 1993లో చిరంజీవి 'ముఠామేస్త్రి' అని సినిమా చేస్తే రాష్ట్రమంతా చూసింది. మీ ఆఫీసులో ఎవరూ చూసినట్టు లేదు. కుట్టుమిషను అప్పు రాలేదు.

సినిమా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా ఊరి పేరుకు రౌడీ అన్న మాటను శాశ్వతంగా కుట్టేసినవాటిలో సినిమాలది పెద్ద చెయ్యి. 'బెజవాడ రౌడీలు' అని ఏకంగా పేరే పెట్టారు. గోల జరిగాక 2011లో 'బెజవాడ' అని విడుదల చేశారు. మాటయితే తీసేశారు గానీ, చూసేవాడికి అది వినబడుతూనే ఉంటుంది. 1988 డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య జరిగాక మా ఊరు తగలబడింది. రోజుల తరబడి కర్ఫ్యూ. నిజమే. కానీ ఆ మంట ఒక్క పేటది కాదు, ఒక్క ఊరిది కూడా కాదు, పక్క జిల్లాల దాకా పాకింది. అప్పటికి పుట్టని పిల్లలు ఇవాళ మీ దగ్గర బండి లోను అడుగుతుంటే, మీరు ఆ పొగ వాసన వాళ్ల చొక్కాల మీద వెతుకుతున్నారు.

లంకలో పుట్టినవాళ్లంతా రాక్షసులేనని మనవాళ్ల సామెత. మాది రావణుడి లంక కాదండీ. ఏరు ఇసుక మేటవేసి కట్టిన లంక. ఆ మాటకొస్తే విభీషణుడు ఆ లంకవాడే, సిబిల్ స్కోరు బాగానే ఉండేది.

ఇక దాపరికం లేకుండా చెబుతాను. మా పేటలో రౌడీషీట్లున్నవాళ్లున్నారు. చీకటిపడ్డాక ఏటి ఇసుకలో కూర్చుని గంజాయి తాగే కుర్రాళ్లున్నారు. మా అమ్మాయి ట్యూషను నుంచి ఆలస్యంగా వస్తే సందు మొదట్లో నిలబడతాను. బస్టాండు దగ్గర బ్లేడ్ బ్యాచ్ ఒకప్పుడు నా జేబు కూడా కోసింది. జేబులో 60 రూపాయలున్నాయి, చొక్కా 400 రూపాయలది. వాళ్ల మీద నాకెంత కోపముందో మీకంత ఉండదు. ఎందుకంటే మీరు కాగితం మీద గీత గీసి ఊరుకుంటారు, నేను వాళ్ల పక్కనుంచి నడిచి ఇంటికి పోవాలి.

కానీ ఒక లెక్క మీరు వెయ్యలేదు. మీరు కాదన్నాక ఎదురింటి అక్కకు అప్పు పుట్టలేదనుకుంటున్నారా? ఆ సాయంత్రమే పుట్టింది. 10 వేలు రాసుకుని 9 వేలు చేతిలో పెట్టారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. ఇది మర్యాదస్తుల వడ్డీ. దీని కింద ఇంకో మెట్టుంది, కాల్ మనీ. ఫోన్ చేస్తే డబ్బిస్తారు, మళ్లీ వాళ్లు ఫోన్ చేసినప్పుడు కట్టాలి. నూటికి నెలకు పది రూపాయల వడ్డీ అన్నా తలూపినవాళ్లు నాకు తెలుసు. 2015 డిసెంబరులో ఈ కాల్ మనీ భాగోతం మా ఊళ్లోనే బయటపడి రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. కిస్తీ తప్పితే వసూలుకు ఎవరొస్తారు? మీ కుర్రాడిలా కలం పట్టుకుని రారు. నలుగురు వస్తారు, వీధిలో నిలబడి అరుస్తారు, బండి తాళాలు లాక్కుంటారు. వీధంతా తలుపులు వేసుకుంటుంది. మర్నాడు పేపర్లో 'కృష్ణలంకలో రౌడీల వీరంగం' అని పడుతుంది. దాన్ని మీరు కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటారు, వచ్చే ఏడు జాబితాలోనూ మేం ఆరో వరసలోనే ఉంటాం. ఇంతకీ ఆ నలుగురిలో ముగ్గురు మా పేటవాళ్లు కారు.

ఈ ఊరు మమ్మల్ని ఎప్పుడూ ఇలాగే చూసింది లెండి. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది, 1952లో తెగింది, 1957 కల్లా ప్రకాశం బ్యారేజీ లేచింది. 70 గేట్లు. పొలాలకు కావలసిన నీళ్లు కాలువల్లోకి, ఎక్కువైన నీళ్లు మా మీదికి. బ్యారేజీకి దిగువన గట్టు పక్కన ఉన్నవాళ్లం, ఇంకెవరి మీదికి పోతాయి? గుడిసెలు లేచినప్పుడు ఏ జెండా అండగా నిలబడిందో కాలనీ పేర్లే చెబుతాయి. నెహ్రూనగర్, భూపేష్‌గుప్తానగర్, తారకరామానగర్. జెండాలు మారాయి, వరద మారలేదు. 2009 అక్టోబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వదిలారు. అప్పుడు నా మిషను ఇంట్లోనే ఉండేది. మంచం మీద మంచం వేసి, దాని మీద మిషను పెట్టి, పైన దుప్పటి కప్పి, మేం బడికి వెళ్లి తలదాచుకున్నాం. నాలుగో రోజు వస్తే మోకాలెత్తు బురద. మిషను మాత్రం పొడిగా, పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది, పెళ్లిఫోటోలు కింద వదిలేశానని.

తర్వాత ఏటికీ మాకూ మధ్య గోడ వచ్చింది. ముక్కలు ముక్కలుగా, ఒక ప్రభుత్వంలో కొంత, ఇంకో ప్రభుత్వంలో కొంత. ఎవరు కట్టారన్నదాని మీద రెండు పార్టీలకూ ఇప్పటికీ తగాదానే. గోడ మాత్రం ఏ పార్టీలోనూ చేరలేదు. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ పుట్టాక అంత నీరు ఎప్పుడూ లేదు. రాత్రంతా గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాం. అవతల ఏరు రొద, ఇవతల సిమెంటు చల్లగా. చివరికి మునిగింది మేం కాదు, ఊరికి ఆ చివర బుడమేరు వాగు పక్కనున్న సింగ్‌నగర్. ఆ రోజు ఎదురింటి అక్క గుండిగలో పులిహోర కలిపింది. వాళ్లాయన ముఠా, అదేనండీ పన్నెండు మందీ, పొట్లాలూ నీళ్ల సీసాలూ నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో నడిచారు. బస్తాలు మోసిన అలవాటు కదా, ఒక్క పొట్లం తడవలేదు.

ఊరికి మేం అక్కర్లేదా అంటే, బాగా కావాలి. అంత పెద్ద బస్టాండు మా గుమ్మంలోనే ఉంది, మీరు హైదరాబాదు వెళ్లాలంటే మా మీదుగానే. గవర్నరుపేట కొట్లలో మడతలు విప్పి చీరలు చూపించే పిల్లలు మా వాళ్లు. చివరికి ఊళ్లో ఎంత పెద్దమనిషి పోయినా చాలామంది వచ్చేది మా స్వర్గపురికే. అప్పుడు పిన్‌కోడు ఎవరూ చూడరు. అయినా పెళ్లిసంబంధాల దగ్గర మా వాళ్లే "బస్టాండు దగ్గరండీ" అని నసుగుతారు. ఆధార్ ఫారాలు నింపేది నేనే కాబట్టి ఈ భాగోతం నాకు బాగా తెలుసు. కృష్ణలంకలో పుట్టి పెరిగి, కాగితం మీద బందరు రోడ్డు పక్కకు కాపురం మార్చినవాళ్లు కోకొల్లలు.

జాబితాలోంచి మా పేరు తీసెయ్యమని నేను బతిమాలను. ఒకటే మనవి. వేలకోట్లు ఎగ్గొట్టి విమానమెక్కి దేశం దాటినవాళ్లు ఏ పేటలవాళ్లో కూడా రాసుకోండి. వాళ్లలో మావాళ్లు ఒక్కరూ దొరకరు. మా దగ్గరున్నది బస్టాండు. విమానాశ్రయం గన్నవరంలో ఉంది.

ఇట్లు,
జెరాక్సు, లామినేషను, ఫారాలు నింపబడును.

తా.క. ఉత్తరం మడతపెట్టే లోపు మీ కుర్రాడు మళ్లీ వచ్చాడు, ఈసారి కాపీల కోసం కాదు. పెళ్లి కుదిరిందట, ఇల్లు కావాలట. అద్దె తక్కువ, బస్టాండు దగ్గర, అందుకని మా వీధిలోనే చూస్తున్నాడు. వెనకింటి మామ్మగారు అంతా నచ్చాక "ఏం ఉద్యోగం నాయనా?" అని అడిగిందట. ఫైనాన్సులో వసూళ్లు చూస్తానంటే, "అమ్మో, వాళ్లకివ్వం" అని తలుపేసుకుందట. నేను వెళ్లి పూచీ ఉంటే ఒప్పుకుంది. శుక్రవారం పాలు పొంగిస్తున్నారు. ఆధార్‌లో అడ్రసు మార్పు ఫారం నా కొట్లోనే నింపాను. "బస్టాండు దగ్గర అని వేసెయ్ బాబాయ్" అన్నాడు.

కృష్ణలంక అనే రాశాను.