పానా మామ

ఏటూరునాగారంలో ఏ వాడకట్టుకు పోయినా ఒక పానా మామ తగులుతాడు. వయసు యాభై పైమాటే. కొలువు ఐటీడీఏలోనో, ఫారెస్టు ఆఫీసులోనో. ఆదివారం పొద్దున ఇంటిముందు గోనెసంచి పరిచి స్ప్లెండర్ విప్పితే తప్ప ఆయనకు చాయ్ దిగదు. ఊళ్లో మెకానిక్కులు లేకనా? ఉన్నారు. బండి వాళ్ల చేతిలో పెడితే కంపెనీ సామాను తీసి పాతది బిగిస్తారని మామ నమ్మకం. ఇంతవరకు ఒక్కసారీ అప్పగించి చూసింది లేదు.

కార్బొరేటర్ గిన్నె స్క్రూల దగ్గరే ఆయన కష్టాలు మొదలవుతాయి. ఆ స్క్రూల గాడి జపాన్ కొలతది. ఇనుప సామాన్ల దుకాణంలో కొన్న స్టార్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూచోదు, బలం పెడితే పైకి జారి గాడిని నున్నగా అరగదీస్తుంది. తరువాత పట్కారు. ఆ తరువాత సుత్తె. ఈలోగా వంటింట్లోంచి కేక: "ఏందయ్యా, పిండి జల్లెడల నట్లు పోసినవా?"

ఆయిలు మార్చడం అసలు ఘట్టం. పాతది దింపాడు, 900 మిల్లీల డబ్బా పోశాడు, అంతా సవ్యమే. "కారుతదేమో" అన్న అనుమానంతో 17 నంబరు పానాకు ఇనుప పైపు తొడిగి డ్రెయిన్ బోల్టు మీద పడ్డాడు. బోల్టు ఉక్కుది, అది దిగే చోటు అల్యూమినియం. చప్పుడేమీ కాదు. బిగుసుకోవలసిన బోల్టు హాయిగా తిరుగుతూనే ఉంటుంది. లోపల మర పోయిందని మామకు తెలుసు. ముఖం మాత్రం మారదు. "టెఫ్లాన్ టేపు తేపో బిడ్డా."

2024 ఫిబ్రవరి 21న మేడారం జాతర. దానికి ముందటి ఆదివారమే "జర సర్వీసింగ్" అని కూచున్నాడు. బుధవారం ఇంటిల్లిపాదీ అమ్మవార్ల బంగారం, అదే బెల్లం, సంచిలో పెట్టుకుని బస్సెక్కారు. మామ చైను లింకు వెతుకుతూ ఉండిపోయాడు.

కొడుకు కొత్త బండి కొన్నాక ఇంకో చిక్కు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన. కొత్త స్ప్లెండర్‌లో కార్బొరేటర్ తీసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. కడగడానికి జెట్టు లేదు, తిప్పడానికి మిక్చరు స్క్రూ లేదు. మామ వైర్ల సాకెట్లు పీకి, ఊది, మళ్లీ పెట్టాడు. మీటరు మీద పసుపు లైటు వెలిగింది, ఆరనంది.

బండి చివరికి మెకానిక్ దగ్గరికి చేరింది. "ఎవరు విప్పిండ్రు దీన్ని?" అని ఆ పిల్లగాడు అడిగితే కొడుకు తండ్రి వంక చూశాడు.

"ఎవడో తెల్వనోడు విప్పినట్టుండు," అన్నాడు మామ తొణక్కుండా. "సరే గని తమ్మీ, ఆ పది నంబరు టీ పానా ఒక్కసారి ఇస్తవా? రేపొద్దున తెచ్చిస్త."