ముద్దాయి: డబ్లిన్ వాన

వారాంతానికి డబ్లిన్ వెళ్లొచ్చినవాళ్ల నోట అక్కడి వానకు పడే తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఊరు బంగారమట, వానే పాడు చేసిందట. సరే, ముద్దాయిని బోనెక్కించే ముందు లెక్క చూద్దాం. డబ్లిన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 750 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో దాదాపు 800. మన వాన నాలుగు నెలల్లో రోడ్లను ముంచేసి చేతులు దులుపుకుంటుంది. అక్కడిది ఏడాదిలో దాదాపు 150 రోజులకు కొంచెం కొంచెంగా పంచి కురుస్తుంది. అమీర్‌పేటలో మోకాలి లోతు నీళ్లలో బైకు తోసుకెళ్లిన వీరులు ఆ తుంపరకు బెంబేలెత్తిపోవడమే విడ్డూరం.

ఇంతకీ వానంటే పడని ఈ పెద్దమనుషులు శనివారం తెల్లారగానే చేసే పనేమిటి? డబ్లిన్‌ను డబ్లిన్‌లోనే వదిలేసి బస్సెక్కుతారు. ఐర్లాండ్ దేశానికి ఆ చివర, పడమటి తీరంలో ఉన్న మోహర్ కొండచరియలు చూడాలి కదా! పోనూ రానూ ఏడు గంటలు దారికే సరి. పడమటి వైపు కొన్నిచోట్ల ఏడాదికి 225 రోజులు వాన పడుతుంది. అంటే తక్కువ వాన ఉన్న చోటి నుంచి ఎక్కువ వాన ఉన్న చోటికి, డబ్బిచ్చి మరీ వెళ్తారన్నమాట. చరియల ఎత్తు, మహా అయితే 214 మీటర్లు. అట్లాంటిక్ పొగమంచు కమ్మిన రోజున కనబడేది మాత్రం ముందు నిలబడ్డవాడి వీపు. ఆ తెల్లటి శూన్యం ముందే పళ్లికిలించి ఫొటో దిగి, ‘ప్రకృతి అద్భుతం’ అని స్టేటస్ పెడతారు. దుప్పటి ఆరేసిన దండెం ముందు దిగినా అదే ఫొటో వచ్చేది.

ఆదివారం గిన్నిస్ బీరు వారి భవనం. ఏడో అంతస్తులోని అద్దాల బార్ నుంచి ఊరంతా కనబడుతుందని టికెట్టు కొంటారు. మబ్బు రోజున కనబడేది మబ్బే. ఆపైన టెంపుల్ బార్ వీధిలో, ఖరీదని ఊరివాళ్లే మొహం చాటేసే చోట, గాలికి తిరగబడ్డ గొడుగుతో కుస్తీ.

నిజానికి డబ్లిన్‌లో చూడదగ్గవి చాలావరకు వాన తగలని కప్పు కిందే ఉన్నాయి, అవీ ఉచితంగా! కిల్డేర్ వీధి మ్యూజియంలో 8వ శతాబ్దపు టారా బ్రూచ్ ఉంది. బురదనేలల్లో రెండు వేల ఏళ్లకు పైగా చెడిపోకుండా ఉండిపోయిన మనుషుల దేహాలున్నాయి. నేషనల్ గ్యాలరీలో కరవాజ్జో గీసిన క్రీస్తు నిర్బంధ చిత్రం ఉంది. జెస్యూట్ ఫాదర్ల భోజనాల గదిలో దశాబ్దాల పాటు వేలాడిన ఆ బొమ్మ అసలు ఎవరిదో 1990లలో గానీ తేలలేదు. డబ్లిన్ కోట ఆవరణలోని చెస్టర్ బీటీ మ్యూజియంలోనైతే అక్బరు, షాజహానుల కాలం నాటి చిత్రాలే ఉన్నాయి. మన దేశం బొమ్మలు మనవాళ్ల కోసం అక్కడ కాచుకుని ఉంటే, మనవాళ్లు బస్సులో కునికిపాట్లు పడుతుంటారు. ఎందుకంటారా? టికెట్టు లేని చోటికి పంపితే ఏజెంటుకు కమీషన్ రాదు. అతడి బ్రోచర్‌లో లేనిది మన కంటికి ఆనదు.

రెండు రోజులకే వెళ్లేవారికి ఒక మనవి. చరియలను ఇంకో యాత్రకు వాయిదా వేయండి. గొడుగు ఇంట్లోనే వదిలేసి, తలమీదికి టోపీ ఉన్న రెయిన్‌కోటు పట్టుకెళ్లండి. వానను తిట్టే హక్కు, 225 రోజులూ దాన్ని భరించే పడమటివాళ్లకు వదిలేయండి.