కష్టం ట్యూబుది, పేరు పంతులుగారిది

ఇప్పటి కంప్యూటర్ మానిటర్లకు ముఖమే తప్ప వీపు లేదు. 2000ల మొదట్లో భద్రాచలంలో మా మామ నడిపిన డీటీపీ సెంటర్‌లో మానిటర్‌కు ముఖం 17 అంగుళాలు, వీపు మూరెడు. ఆ 17లోనూ కంటికి ఆనేది 16 అంగుళాలే. మిగతా అంగుళం ప్లాస్టిక్ చట్రం వెనక నక్కి, బిల్లులో మాత్రం ఠంచనుగా హాజరయ్యేది. బరువు 15 కిలోల పైమాటే. టేబుల్ మీదికి ఎక్కించడానికి ఇద్దరం కావాలి, "నడుం జాగ్రత్తరా" అనడానికి మామ కావాలి.

మామకు అది యంత్రం కాదు, ఆస్తి. దాని నెత్తిన అత్తయ్య కుట్టిన పూల గుడ్డ, గుడ్డ మీద సీతారాముల పటం, దసరాకి నుదుట కుంకుమ. గుడ్డ వేస్తే గాలాడే కంతలు మూసుకుపోయి లోపల ఉడుకెత్తేది. అందుకని మామ పెడస్టల్ ఫ్యాన్ తెచ్చి దానివైపు తిప్పాడు. గుడ్డ తీసేస్తే ఫ్యాన్ అక్కర్లేదు కదా అంటే, "మీ అత్తయ్యతో నువ్వు చెప్తావా?" అన్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

లోపలి తతంగం చిన్నదేమీ కాదు. పిక్చర్ ట్యూబ్ అనే గాజు బుడ్డిలో గాలంతా తోడేస్తారు. వెనక సన్నటి మెడలో చిన్న హీటర్ ఎర్రగా కాలుతుంటే ఆ వేడికి క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి. ముందు నుంచి పాతిక వేల వోల్టులు లాగేసరికి, వెలుగు వేగంలో మూడో వంతుకు దగ్గరగా దూసుకొచ్చి, అద్దానికి లోపలివైపు పూసిన ఫాస్ఫర్‌ను ఢీకొంటాయి. తగిలిన చోట చుక్క వెలుగుతుంది. మెడకు చుట్టిన రాగితీగల యోక్ ఆ చుక్కను ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి పరుగెత్తిస్తుంది. 1024, 768 సైజు పెట్టుకుని సెకనుకు 60 సార్లు తెర నింపాలంటే, సెకనుకు 48 వేల గీతలు గీయాలి.

అంటే తెర మీద పూర్తి బొమ్మ ఏ క్షణంలోనూ లేదు. కొన్ని ఆఫీసుల్లో ఒక్క అటెండరే టపా అందుకుని, ఫైలు వెతికి, ముద్ర గుద్ది, టీ కూడా తెస్తాడు. వరండాలో నిలబడ్డవాళ్లకు ఆఫీసంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది. ఆ చుక్కదీ అదే ఉద్యోగం.

సెకనుకు 60 సార్లంటే ఎక్కువే అనిపిస్తుంది గానీ, కంటికి అది చాలదు. తెర అదురుతుంటే సాయంత్రానికి కళ్లు లాగేవి. నేను సెట్టింగుల్లోకి వెళ్లి 60ని 85 చేసిన రోజే మామ ఖమ్మం నుంచి ఫిల్టర్ గ్లాసు తెచ్చి తగిలించాడు. అదురు పోయింది. "చూశావా, డబ్బు పెడితే ఎలా ఉంటుందో!" అన్నాడు. నేను పెట్టింది డబ్బు కాదు కాబట్టి నోరు మూసుకున్నాను.

సొమ్మొకడిది, సోకొకడిది కావడం ఈ ట్యూబుకు పుట్టుకతో వచ్చిన రాత. 1897లో దీన్ని తయారుచేసిన జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్‌కు 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. ట్యూబుకు కాదు, మార్కోనీతో కలిపి వైర్‌లెస్‌కు.

మా సెంటర్‌కు దుమ్ముగూడెం, చర్ల నుంచి, 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయిన చింతూరు, కూనవరం నుంచి కూడా అర్జీలు టైప్ చేయించుకోవడానికి వచ్చేవారు. ఒకసారి చర్ల అవతలి గూడెం నుంచి వచ్చిన పెద్దాయన మానిటర్ వీపు మీద చెయ్యి వేసి, "లోపల పొయ్యి ఉందా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నిజానికి అక్కడున్న వాళ్లలో సరిగ్గా చెప్పింది ఆయనొక్కడే.

ఇక అసలు సంగతి. శ్రీరామనవమి ముందురోజు మిథిలా స్టేడియం చుట్టూ ఊరంతా హడావిడి. పందిరివాళ్లు పెద్ద స్పీకర్ బాక్సు ఒకటి తెచ్చి, "కాసేపు ఉండనీ అన్నా" అని మా టేబుల్ పక్కన దింపిపోయారు. నేను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కరపత్రం దిద్దుతున్నాను. చూస్తుండగానే నీలమేఘశ్యాముడు ఆకుపచ్చకు తిరిగాడు, సీతమ్మ ముఖం ఊదారంగైంది. మామ చెంపలు వేసుకున్నాడు. బాక్సు తీయించినా రంగు పోలేదు.

అద్దం వెనకే సన్నటి చిల్లుల రేకు ఒకటుంటుంది. మూడు రంగులకు మూడు ఎలక్ట్రాన్ ధారలు. మూడూ ఒకే చిల్లులోంచి దూరినా, ఎవరి చుక్కను ఎవరు తాకాలో ఆ రేకే చూసుకుంటుంది. ఒకే రంగు చుక్కల మధ్య ఎడం 0.28 మిల్లీమీటర్లు. స్పీకర్ అయస్కాంతం ఆ ధారలను పక్కదారి పట్టించడమే కాక, పోతూ పోతూ రేకుకు కూడా కాస్త అయస్కాంతం అంటించిపోయింది.

అప్పుడే కరపత్రం ప్రూఫ్ చూడటానికి పంతులుగారు వచ్చారు. తెర వంక చూసి, "దక్షిణముఖంగా పెట్టారు నాయనా, తూర్పుకు తిప్పండి" అన్నారు. కదపాలి కాబట్టి కరెంటు తీశాం. పంతులుగారు వచ్చారు కాబట్టి టీ తెప్పించాం. ఆయన తీరిగ్గా తాగారు. తూర్పుకు తిప్పి స్విచ్ వేస్తే, "దబ్" మని తెర ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, రాముడు మళ్లీ నీలంగా ప్రత్యక్షమయ్యాడు. మామ నూట పదహార్లు సమర్పించుకున్నాడు.

కొత్తగూడెం మెకానిక్ తర్వాత అసలు గుట్టు విప్పాడు. ట్యూబు చుట్టూ డీగాస్ కాయిల్ ఉంటుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ అది కాసేపు ఊగి, తగ్గుతూ తగ్గుతూ రేకులోని అయస్కాంతాన్ని తుడిచేస్తుంది. అయితే దానికి కరెంటు ఇచ్చే ముక్క చల్లారితేనే మళ్లీ పనిచేస్తుంది. అంటే రాముణ్ని కాపాడింది పంతులుగారు టీ తాగిన తీరుబాటు. "మరి దిక్కు సంగతో?" అన్నాను. "అదీ కొంత నిజమే అన్నా. భూమికీ అయస్కాంతం ఉంది కదా, దిక్కు మారిస్తే అంచుల్లో రంగు కొంచెం మారుద్ది" అన్నాడు. ఆ ముక్క మామ చెవిన పడనే కూడదనుకున్నాను. పడింది.

చివరికి ఆ మానిటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే, అతను యోక్ రాగికి తప్ప దేనికీ లెక్క కట్టలేదు. ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా ఆపిన సీసపు గాజు అతనికి ఉత్త బరువు. కొత్త సన్న మానిటర్ వచ్చాక పటానికి చోటు లేదు, గుడ్డకు ఆసరా లేదు, ఏ దిక్కు తిప్పినా రంగు మారదు.

ఇక పంతులుగారికి మా షాపులో పనేముంటుందనుకున్నాను. మొన్న వైఫై రౌటర్ చూసి, "ఈశాన్యంలో పెట్టండి నాయనా" అన్నారు. ఇనుప బీరువా వెనక నుంచి తీసి ఈశాన్యంలో పెట్టాం. సిగ్నల్ పెరిగింది. మామ జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.